సాధు సుందర్‌సింగ్ గారు కోరినది

సాధు సుందర్‌సింగ్ గారు 1889లో పంజాబులోని రాంపూరులో కలిగిన సిక్కు కుటుంబమున జన్మించిరి. ఆయనకు కొదువైనది ధనము కాదు, శాంతి. తల్లి మరణించిన పిమ్మట కలవరపడి సువార్త ప్రతిని తగులబెట్టిరి. దేవుడు కనబడనియెడల ప్రాణము విడుతునని 1904 డిసెంబరులో ఒక రాత్రి ప్రార్థించిరి. తెల్లవారకముందే క్రీస్తు దర్శనమిచ్చెనని ఆయన సాక్ష్యము. ఇల్లు పోయినది, ప్రభువు మిగిలెను. 1905లో సిమ్లాలో బాప్తిస్మము పొంది, కాషాయవస్త్రముతో, చేత పైకము లేక, టిబెట్టువరకు సువార్త మోసిరి. 1929లో అక్కడికే బయలుదేరి మరల తిరిగి రాలేదు.

మనమో ఉద్యోగము, పెండ్లి, స్వస్థత కొరకు మోకరించి, అవి దొరికినవెంటనే లేచిపోవుచున్నాము. కాపరులమైన మేమును ఆ ఈవులనే ఎక్కువగా బోధించితిమని ఒప్పుకొనుచున్నాము. ఏమియు దొరకని దినమునను మనము ప్రభువునొద్దనే నిలుతుమా?