చదవలేని ఉత్తరం.. నేర్పిన వ్యాకరణం

దరఖాస్తు, బజారు, రోజు.. మీరు నిత్యం వాడే ఈ మాటలు మూడూ పారశీకం నుంచి వచ్చినవే. ఒకప్పుడు మన దేశంలో చాలాచోట్ల సర్కారీ కొలువుకు ఆ భాషే ముఖ్యం. దానికి ఇంగ్లిష్‌లో వ్యాకరణం రాసిన విలియం జోన్స్ జీవితం, ఉద్యోగ వేటలో ఉన్న మీరు తెలుసుకోదగ్గది.

జోన్స్ 1746లో లండన్‌లో పుట్టాడు. మూడేళ్లకే తండ్రి పోయాడు, తల్లే పెంచి చదివించింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా అలెప్పో నుంచి వచ్చిన ఒకాయనను తన ఖర్చుతో వెంటబెట్టుకొచ్చి మరీ అరబిక్ నేర్చుకున్నాడు. తర్వాత పారశీకం పట్టాడు. సాదీ 'గులిస్తాన్'ను లాటిన్ అనువాదం సాయంతో చదివాడు. ఖర్చులకు ఓ ప్రభువు కొడుక్కి పాఠాలు చెప్పేవాడు.

1770లో డెన్మార్క్ రాజు కోరికపై నాదిర్ షా చరిత్రను ఫ్రెంచ్‌లోకి తెచ్చాడు. పేరొచ్చింది, డబ్బు రాలేదు. భాషలనే నమ్ముకుంటే ఇల్లు గడవదని న్యాయశాస్త్రంలో చేరాడు. అయినా పారశీకాన్ని వదల్లేదు, 1771లో వ్యాకరణం అచ్చువేశాడు. ఎందుకంటే, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు ఉత్తరాలు ఆ భాషలోనే వచ్చేవి. చదవడం రాకపోతే గుమాస్తా చెప్పిందే నమ్మాలి మరి!

అంత కష్టమైన భాషా అది? ఈ వాక్యం చూడండి. 'మన్ కితాబ్ మీఖానమ్' అంటే నేను పుస్తకం చదువుతాను. క్రియ చివర్లో, అచ్చం మన తెలుగులాగే. 'నువ్వు' అయితే మీఖానీ, 'అతడు' అయితే మీఖానద్. మనకు చదువుతాను, చదువుతావు అని మారినట్టే అక్కడా క్రియ తోక మారుతుంది. పైగా అతడికైనా ఆమెకైనా 'ఊ' అన్న ఒక్క మాటే, క్రియ కూడా ఒక్కటే. రోజుకు ఇలాంటి రెండు వాక్యాలు మార్చి మార్చి చెప్పుకుంటే చాలు, వ్యాకరణం దానంతటదే పట్టుబడుతుంది.

1774లో జోన్స్ న్యాయవాది అయ్యాడు. కలకత్తాలో జడ్జి పదవికి ప్రయత్నిస్తే, అమెరికా వలసలను సమర్థించడం అడ్డొచ్చి ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చింది. చివరికి 1783లో దక్కింది. మరుసటి ఏడాదే ఏషియాటిక్ సొసైటీ స్థాపించాడు. కోర్టులో ధర్మశాస్త్రాల విషయంలో పండితుల మాట మీదే ఆధారపడటం నచ్చక, నలభైకి దగ్గరపడ్డాక సంస్కృతం మొదలుపెట్టాడు. 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకు మూలం ఒకటే అయి ఉండాలని ప్రతిపాదించాడు. 1794లో, 47 ఏళ్లకే కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన పారశీక వ్యాకరణం మాత్రం 1828 నాటికి తొమ్మిదో కూర్పుకు చేరింది.

మీరు కోరుకునే ఉద్యోగంలో రోజూ చేతికొచ్చే కాగితాలు ఏ భాషలో ఉంటాయో కనుక్కున్నారా? బ్యాంకులో అయినా, కోర్టులో అయినా, వేరే రాష్ట్రంలో అయినా వాటిని మరొకరు చదివి చెప్పే పరిస్థితి ఉంటే, మీ మొదటి పాఠం అక్కడే ఉంది.