జార్జి ముల్లరుగారి జీవితము: ధనము, దానము, రక్షణ

వాక్య పఠనము: లూకా 12:32–34, యాకోబు 2:1–7, 2 కొరింథీ 8:1–9



కానుకలనుగూర్చి వ్రాయవలెనన్న మాకు ఎల్లప్పుడు జంకుగనే యుండును. సంఘపు కానుకలవలన జీవించు కాపరి ఆ మాట ఎత్తినయెడల, తన గాదె నింపుకొనుటకే ఎత్తినాడని వినువారు తలంచవచ్చును. అందుచేత ఈ నెల మా ప్రసంగమునకు మారుగా ఒక భక్తుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన ఇంటివారికిని మన గోదావరి ప్రాంతపు సంఘములకును సంబంధము కలదు.

జార్జి ముల్లరు 1805వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ప్రష్యా దేశములో పుట్టెను. తండ్రి ప్రభుత్వపు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. బిడ్డలకు చిన్నతనమునుండియే చేతికి డబ్బిచ్చుచుండెను. పదియేండ్లు నిండకముందే ఈ కుమారుడు తండ్రియొద్దనున్న సర్కారు సొమ్ము దొంగిలించుటకు మరిగెను. తండ్రి అనుమానించి, ఒకనాడు డబ్బు లెక్కపెట్టి కనబడునట్లు ఉంచిపోయి, తిరిగివచ్చి వెదకగా అది కుమారుని చెప్పులో దొరికెను. పదునాలుగవ యేట తల్లి మరణించిన రాత్రి, ఆ సంగతి ఎరుగక, ఆయన పేకాటలో కూర్చుండెను. పదునారవ యేట పూటకూళ్ల యిండ్లలో బసచేసి డబ్బు చెల్లింపలేక చెరసాలలో పడెను.

ఇట్టి కుమారుని తండ్రి పాదిరిగా చేయగోరెను. అది దేవునిమీది ప్రేమచేత కాదు, ఆ ఉద్యోగములో సుఖమైన జీవనము కలదనియే. వేదశాస్త్రము చదువుచుండియు ముల్లరుగారు బైబిలు తెరచినవాడు కాడు. 1825 నవంబరులో ఒక శనివారపు సాయంకాలమున స్నేహితుడొకడు హాలే పట్టణములో ఒక విశ్వాసియింట జరుగు ప్రార్థన కూటమునకు ఆయనను తీసికొనిపోయెను. అక్కడ ఒకడు మోకాళ్లూని ప్రార్థించెను. మోకరించి ప్రార్థించు మనుష్యుని ఆయన అంతకుముందెన్నడును చూచియుండలేదు. ఆ రాత్రి ఆయన వేరొక సంతోషముతో ఇంటికి మరలెను.

ప్రియులారా, ఈ వరుసను గమనించుడి. ఆ దినమున ఆయన దేవునికి ఇచ్చినదేమియు లేదు. ఇచ్చుటకు ఆయనయొద్ద దొంగతనములును అప్పులును తప్ప మరేమున్నది? రక్షణ ఆయనకు ఉచితముగా దొరికెను. ఇచ్చుట దాని వెనుక వచ్చెను. జక్కయ్య సంగతియు ఇట్లే: ముందు ప్రభువు అతని యింట ప్రవేశించెను, తరువాత సగము ఆస్తి బీదలకు వెళ్లెను.

1829లో ఆయన ఇంగ్లాండు చేరి, 1830లో టైన్మత్ అను ఊరిలో ఒక చిన్న సంఘమునకు కాపరియాయెను. ఆ సంవత్సరమే మేరీ గ్రోవ్స్ అను సహోదరిని వివాహమాడెను. సంవత్సరమునకు 55 పౌనుల జీతము ఏర్పాటై యుండెను. ఆ కాలమున అక్కడి మందిరములలో కూర్చుండు బల్లలకు అద్దె ఉండెడిది. ఎక్కువ అద్దె ఇచ్చువారు మంచి చోటులలోను, బీదలు మిగిలిన చోటులలోను కూర్చుండెడివారు. ఆ అద్దెలనుండియే కాపరి జీతము వచ్చెడిది. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివిన ముల్లరుగారికి ఈ పద్ధతి మనస్సాక్షికి ముల్లువలె గ్రుచ్చుకొనెను. అద్దె బల్లలు మానిపించి, ఏర్పాటైన జీతమును వదలుకొని, మందిరములో ఒక పెట్టె పెట్టించెను. ఇచ్చువాడెవడో ఎంతో ఎవరికిని తెలియకుండ అందులో వేయవచ్చును. సంఘపు పెద్దలు వారములతరబడి ఆ పెట్టెను తెరువక, దంపతులు ఇబ్బందిపడిన కాలము కలదు. అయినను ఆయన పెట్టె తెరువుడని వారిని అడుగక, దేవునినే అడిగెను.

ఇచ్చట మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. ఒక కోతకాలపు పండుగలో, పెద్ద కానుక తెచ్చిన ఒక ఆసామికి మేమే లేచి కుర్చీ వేసితిమి. అదే సమయమున కూలిపని ముగించుకొని, కొంగున బియ్యము మూటగట్టుకొని వచ్చిన తల్లులు పందిరి వెలుపల ఎండలో నిలువబడియుండిరి. ఆసామి పేరును మొత్తమును మేము బిగ్గరగా చదివితిమి. ఆ తల్లుల బియ్యమును ఒకే గంపలో కలిపివేసితిమి. మన మందిరములో బల్లలకు అద్దె లేదు. అద్దె మా మనస్సులోనే ఉండెనని ఆ రాత్రి మాకు తెలిసెను.

1832లో ముల్లరు దంపతులు బ్రిస్టలు పట్టణమునకు మారిరి. 1836 ఏప్రిలులో విల్సన్ వీధిలో ఒక అద్దెయింట అనాథబాలికలకు ఆశ్రమము తెరచిరి. దిక్కులేని పిల్లలను పోషించుట ఒక ఉద్దేశమే గాని, దేవుడు నేటికిని నమ్మదగినవాడని, రేపటి చింతతో క్రుంగిన విశ్వాసులకు కన్నులార చూపుటయే ఆయన మొదటి ఉద్దేశము.

ఆ ఆశ్రమము తెరువకముందే ఒక బీద సహోదరి 100 పౌనులు తెచ్చెను. ఆమె కుట్టుపని చేసి వారమునకు కొద్ది షిల్లింగులు మాత్రము సంపాదించునది, శరీర బలహీనురాలు. ముల్లరుగారు ఆ సొమ్ము వెంటనే పుచ్చుకొనలేదు. తొందరపాటున ఇచ్చి తరువాత పశ్చాత్తాపపడునేమో అని విచారించెను. ఆమెకు 480 పౌనుల వారసత్వము వచ్చినదనియు, త్రాగుబోతైన తండ్రి మిగిల్చిపోయిన అప్పులను తోబుట్టువులు కొంతభాగము మాత్రము తీర్చగా ఆమె మిగిలినదంతయు చెల్లించినదనియు, తల్లికి 100 పౌనులు ఇచ్చినదనియు ఆయనకు తెలిసెను. ముందు అప్పులు, తరువాత తల్లి, ఆ తరువాత అనాథలు. ఇది ఎంత చక్కని క్రమము! ఆమె స్థిరమైన మనస్సు చూచిన పిమ్మటనే ఆయన కానుక అంగీకరించెను. దాత ఆత్మకు మేలు కోరక ఆమె సొమ్మును మాత్రము కోరువాడు దేవుని గృహనిర్వాహకుడు కాడు.

1849లో ఆష్లీ డౌన్ అను మెట్టమీద మొదటి పెద్ద భవనము తెరువబడెను. 1870 నాటికి అవి అయిదు ఆయెను. రెండువేలకుపైగా పిల్లలకు అందులో చోటు కలదు. ఆయన జీవితకాలములో పదివేలమందికిపైగా అనాథలు పెరిగిరి. చేతికి వచ్చిన సొమ్ము సుమారు 15 లక్షల పౌనులు. చైనాలో పనిచేయు మిషనెరీలకును సహాయము వెళ్లెను. అక్కరను మనుష్యులకు చెప్పకపోయినను లెక్కను మాత్రము ఆయన దాచలేదు. ఏటేట వచ్చినదియు ఖర్చయినదియు అచ్చువేయించెను. అప్పు చేయలేదు. దొంగగా మొదలైన చెయ్యి లెక్క అప్పగించు చెయ్యి ఆయెను.

ఆయన భార్య సహోదరుడు ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. ఆయన మంచి సంపాదన గల దంతవైద్యుడు. అంతయు విడిచి బాగ్దాదుకు, తరువాత ఇండియాకు వచ్చెను. 1836లో ఆయనతోకూడ బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నరసాపురము చేరి గోదావరి డెల్టాలో సువార్తపని ప్రారంభించినవారు. గ్రోవ్స్‌గారు 1853లో బ్రిస్టలులో ముల్లరుగారి యింటనే కన్నుమూసెను.

ముల్లరుగారు 1898 మార్చి 10వ తేదీన, తొంబదిరెండేండ్ల ప్రాయమున ప్రభువునొద్దకు వెళ్లెను. ఆయనకు మిగిలిన ఆస్తి, పుస్తకములును సామానును కలిపి, సుమారు 160 పౌనులు.

కాపరులందరు జీతము మానవలెనని మేము చెప్పుటలేదు. సువార్త ప్రకటించువాడు సువార్తవలన జీవింపవలెనని 1 కొరింథీ 9:14 బోధించుచున్నది. మేము చెప్పునది ఇది. ఎంత గొప్ప కానుకయైనను ఒక్క పాపమునైనను కడుగదు. క్రీస్తు రక్తమే కడుగును. అట్లు కడుగబడినవాని చెయ్యి మూసికొని యుండదు. పిడికెడు బియ్యము తీసిపెట్టు తల్లి తన సొమ్ముతో రక్షణ కొనుటలేదు. ఇదివరకే పొందిన రక్షణను కొలిచి చూపుచున్నది.

రాబోవు పండుగలో మా సంఘమున కానుకల పేర్లును మొత్తములును చదువబడవు. మొత్తపు లెక్క మాత్రము అందరి యెదుట చెప్పబడును. ముందు వరుస వృద్ధులకును చంటిపిల్లల తల్లులకును ఉంచబడును. ఇందువలన మొత్తము తగ్గునేమో అని కొందరు పెద్దలు భయపడుచున్నారు. మాకును ఆ భయము లేకపోలేదు. అయినను తగ్గినయెడల ఆ కొరత మా యింటిమీద మొదట పడనిమ్మని ప్రార్థించుచున్నాము. మీరును మాకొరకు ప్రార్థించుడి.

ధనవంతుడైయుండియు మనకొరకు దరిద్రుడైన ప్రభువు, మన చేతులను తెరచి, మన హృదయములను తనయందు ధనవంతములుగా చేయును గాక. ఆమేన్.