కోనసీమ వంటింటి తల్లి డొక్కా సీతమ్మ

యలమంచిలి: ఈ చుట్టుపక్కల ఆడపిల్లల గుజ్జనగూళ్ల ఆటకు వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పెట్టింది పేరు. అంకుడు కర్రను చెక్కి, తిరుగుతున్న కర్ర మీదే లక్క రంగులు ఎక్కించి అక్కడి పనివారు చేసే లక్కపిడతల్లో పొయ్యి, గుండిగ, గరిటె, తిరగలి, అన్నీ ఉంటాయి. అటువంటి ఆటలు ఆడుకునే ఈడులోనే నిజమైన వంటిల్లు చేతికి వచ్చి, చనిపోయేదాకా ఆ వంటింటి పొయ్యి ఆరనివ్వని ఇల్లాలు డొక్కా సీతమ్మ. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. యలమంచిలి సర్కారు బళ్లలో కూడా పిల్లలు పగటిపూట తింటున్నది ఆ పేరు మీద వండిన అన్నమే. గోదావరి వాసులకు ఆమెను గురించి చెప్పనక్కరలేదు గాని, ఇటువైపు ఆమె కథ పూర్తిగా విన్నవారు తక్కువ.

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. అడిగిన వారికి లేదనకుండా అన్నం పెట్టడం చేత తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారట. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటి భారం సీతమ్మ మీద పడింది. వచ్చిపోయే వారికి వండి వడ్డించడం ఆమె పుట్టింట్లోనే నేర్చుకున్న పని.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులు భూవసతి గల గృహస్థు. ఒకసారి పండితులతో కలిసి ప్రయాణం చేస్తూ మండపేటలో భవానీశంకరం గారింట భోజనానికి ఆగారు. ఆ పూట సీతమ్మ చూపిన ఆదరణ, పనితనం ఆయనకు నచ్చి, అడిగి పెళ్లి చేసుకున్నారని చెబుతారు. అలా అన్నం దగ్గర కుదిరిన సంబంధం అది.

లంకల గన్నవరం ఉన్న చోటు కూడా గమనించదగినది. గోదావరి పాయల మధ్య లంక గ్రామాల సీమ. సముద్రపు ఒడ్డున ఉన్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్లే యాత్రికులకు అది దారి. ఆనాడు వంతెనలు లేవు, బస్సులు లేవు. రేవు దగ్గర పడవ కోసం గంటల తరబడి కాచుకోవాలి. వానకు, వరదకు చిక్కుకుంటే ఆ రాత్రి అక్కడే. హోటలు అనే మాటే లేని రోజులు. పిల్లలతో వచ్చిన బాటసారికి తెలిసిన గడప ఒకటి ఉంటేనే ఆ పూట గడిచేది. ఆ గడప డొక్కా వారి ఇల్లయింది.

అది సత్రం కాదు. దాని వెనుక జమీందారు ఇచ్చిన మాన్యం గాని, దేవస్థానం నిధి గాని లేదు. సొంత పొలంలో పండిన వడ్లు, సొంత వంటిల్లు, అంతే. 1833 నాటి నందన కరువు సంగతులు పెద్దల నోట ఇంకా వినబడుతున్న కాలమది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలవ నీటిని నగరం దీవికి దాటించే 49 ఖానాల అక్విడక్టు కూడా ఆ దశాబ్దంలోనే లేచింది. కాలవ నీరు వచ్చి డెల్టాలో పంట స్థిరపడింది. గాదెలో ధాన్యం ఉన్న ఇళ్లు ఆ సీమలో ఎన్నో ఉండి ఉంటాయి. అందరికీ తలుపు తెరిచి ఉంచిన ఇల్లుగా మాత్రం ఈ ఒక్క ఇంటి పేరే నిలిచింది.

ఇంటి వంటతో ఊరందరికీ పెట్టడమంటే ఏమిటో వండిన చేతులకే తెలుస్తుంది. బియ్యం మిల్లులు లేవు. వడ్లు రోట్లో పోసి రోకళ్లతో దంచాలి, చెరగాలి, నూకలు వేరు చేయాలి. నీళ్లు తోడి మోయాలి. కట్టెలు, కొబ్బరి మట్టలు వానాకాలానికి ముందే చేర్చి పెట్టుకోవాలి. ఊరగాయలు ఏడాదికి సరిపడా వేసవిలోనే పెట్టుకోవాలి. పెళ్లి వంటకైతే జనం లెక్క ముందే తెలుస్తుంది. ఇక్కడ వచ్చేది నలుగురో నలభై మందో తెలియదు, పగలో అర్ధరాత్రో తెలియదు. ఎసరు ఎంత పెట్టాలన్నదే రోజూ పరీక్ష. కులం అడగకుండా, వేళ చూడకుండా వచ్చినవారికి పెట్టేవారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ఆచారాలు గట్టిగా ఉన్న ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహిణికి ఇది చిన్న సంగతి కాదు.

అంతర్వేది ప్రయాణం కథ తెలియని వారు కోనసీమలో ఉండరు. ఇంటి పనితో ఎన్నడూ గడప దాటని సీతమ్మ ఒకసారి స్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్లివారి గుంపు పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, కాసేపట్లో గన్నవరం సీతమ్మ గారింటికి చేరుతాం, అక్కడ అన్నం దొరుకుతుందని పెద్దలు సముదాయించడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకీ వెనక్కు తిప్పించి, వాళ్ల కంటె ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. ఇల్లాలు ఊళ్లో లేకపోతే ఆ పిల్లలకు అన్నం లేదన్నది ఇందులోని అసలు సంగతి. ఆ వంటింటికి సెలవు లేదు.

పెట్టి పెట్టి ఆస్తి తరిగిందనీ, ఆ సమయంలో పొలంలో బంగారం బిందె దొరికిందనీ ఇంకో కథ ఉన్నది. ఇటువంటి కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి. అపర అన్నపూర్ణ అని బిరుదిచ్చి దణ్ణం పెట్టడమూ సులువే. కాని ఆ అన్నం మహిమతో ఉడకలేదు, ఒక ఇల్లాలి రెక్కల కష్టంతో ఉడికింది. ఆమె పేరు పెట్టుకున్న పథకంలో నేడు చాలా బళ్లలో పొయ్యి దగ్గర నిలబడుతున్నది కూడా ఊళ్లోని ఆడవారే. వారి గౌరవ వేతనాన్ని 2019లో నెలకు 1,000 నుంచి 3,000 రూపాయలకు పెంచారు. పేరు ఎంత పెద్దదో, ఆ చేతికి అందేది ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

సీతమ్మ పేరు సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి ఆమెకు ఆహ్వానం రాగా, ఇల్లు వదిలి రాలేనని ఆమె ఒప్పుకోలేదనీ, అధికారులు ఆమె ఫొటో తీయించి పంపి ఆమెకు బదులు దానినే గౌరవించారనీ ప్రతీతి. ఫొటోకు కూడా ఆమె ఇష్టపడలేదట.

1909లో ఆమె కన్నుమూశారు. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన తరువాతి కాలంలో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నగరం దీవి వరిచేలకు కాలవ నీరు దాని మీదుగానే వెళుతున్నది.