గెలిచాక మొదలైన ప్రశ్న

ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు రాత్రి మనందరికీ ఒకటే కోరిక: ప్రోగ్రామ్ రన్ అయితే చాలు. రన్ అయ్యాక ఆ కోడ్ వైపు మళ్ళీ చూడం. చూడాలంటే భయం కూడా, ఎక్కడ ముట్టుకుంటే ఏది కూలుతుందోనని! గెలిచాక కూడా తన పనిని మళ్ళీ చూసుకుని, అది నచ్చక, అనవసరమైనదంతా తీసేసిన మనిషి ఒకడున్నాడు. ఆయన కంప్యూటర్ ముట్టిన మనిషి కాదు. మన ఊళ్ళలో కరాటే స్కూళ్ళ గోడల మీద కనిపించే బ్రూస్‌లీ.

1940 నవంబర్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి లీ హోయ్ చువెన్ కాంటొనీస్ ఆపెరా నటుడు. ఆయన నాటకాల టూర్‌లో అమెరికాలో ఉన్నప్పుడు పుట్టిన బిడ్డ ఇతను. నెలల పిల్లాడిగానే హాంకాంగ్ తీసుకెళ్ళారు. చిన్నప్పటి నుంచే సినిమాల్లో వేషాలు, బయట వీధి కొట్లాటలు. పదమూడేళ్ళ ప్రాంతంలో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1958లో చా-చా డాన్స్ పోటీలో గెలిచాడు. కొట్లాటలు ముదరడంతో 1959లో ఇంట్లోవాళ్ళు అమెరికా పంపేశారు.

సియాటిల్‌లో ఒక రెస్టారెంట్‌లో పనిచేస్తూ చదువుకున్నాడు. వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరాడు గానీ డిగ్రీ పూర్తి చేయలేదు. కుంగ్‌ఫూ నేర్పడం మొదలుపెట్టి, 1964లో లిండాను పెళ్ళి చేసుకుని, ఓక్‌లాండ్‌లో స్కూల్ పెట్టాడు.

ఆ ఏడాది చివర్లోనే వాంగ్ జాక్ మాన్ అనే మరో కుంగ్‌ఫూ యోధుడితో తలుపులు మూసి పోటీ జరిగింది. మూడు నిమిషాల్లో బ్రూస్‌లీ గెలిచాడని లిండా రాసింది. ఇరవై నిమిషాలు సాగిందని, ఫలితం అలా లేదని వాంగ్ వైపు వాళ్ళ మాట. నిజం ఏదైనా, మనకు కావలసింది తర్వాత జరిగింది. గెలిచానని అనుకున్న మనిషికే ఆ గెలుపు నచ్చలేదు. ఇంతసేపు ఎందుకు పట్టింది? ఇంత ఆయాసం ఎందుకు వచ్చింది? తప్పు ఒక దెబ్బలో లేదు, పద్ధతిలోనే ఉందని అనిపించింది. టెస్ట్ కేసులన్నీ పాసైన కోడ్‌ని పట్టుకుని ఇది ఇంత పొడవు ఎందుకుందని అడగడం లాంటిదే ఇది.

అక్కడి నుంచి తీసివేతలు మొదలయ్యాయి. ఫెన్సింగ్ పుస్తకాలు చదివాడు, బాక్సింగ్ ఫిల్ములు మళ్ళీ మళ్ళీ చూశాడు. పనికొచ్చింది ఉంచాడు, అందం కోసం ఉన్నది వదిలేశాడు. బలమైన చేయి వెనక కాకుండా ముందు పెట్టాడు, ఎందుకంటే లక్ష్యానికి దగ్గరగా ఉండేది అదే. ముందు ఆపి తర్వాత కొట్టడం రెండు పనులు. ఎదుటివాడి దెబ్బ బయల్దేరగానే దాని దారిలోనే కొడితే రెండూ ఒకటే పని. ఈ ఆలోచనకే 1967లో జీత్ కున్ దో అని పేరు పెట్టాడు. అడ్డుకునే పిడికిలి దారి అని అర్థం.

మన ల్యాబ్‌లో దీన్ని చూడొచ్చు. తప్పుడు ఇన్‌పుట్‌ని ఫంక్షన్ లోపలికి రానిచ్చి, ఇఫ్ లోపల ఇఫ్ పెట్టి దాని వెంట పరిగెత్తుతాం. మొదటి లైన్లోనే చెక్ చేసి రిటర్న్ చేస్తే మిగతా కోడ్ తేలికపడుతుంది. 10,000 రోల్ నంబర్లలో రిపీట్ అయినవి వెతకాలంటే లూప్ లోపల లూప్ రాస్తాం, దాదాపు 5 కోట్ల పోలికలు. చూసినవాటిని ఒక సెట్‌లో వేసుకుంటూ పోతే లిస్ట్ మీద ఒక్కసారి నడిస్తే చాలు.

అయితే ఒక మెలిక ఉంది. బ్రూస్‌లీ నేర్చుకోకుండా వదిలేసినవాడు కాదు. వింగ్ చున్ ఏళ్ళ తరబడి సాధన చేశాకే అందులో ఏది అక్కర్లేదో తెలిసింది. డేటా స్ట్రక్చర్స్ క్లాసు ఎగ్గొట్టి, నాది సింపుల్ కోడ్ అంటే కుదరదు. అది సింపుల్ కాదు, ఖాళీ.

1970 ఆయనకు గట్టి దెబ్బ. బరువులతో వ్యాయామం చేస్తుండగా నడుము నరం దెబ్బతింది. ఇక కిక్ కొట్టలేవని డాక్టర్లు చెప్పారు. నెలల తరబడి మంచం మీదే ఉండి నోట్‌బుక్కులు నింపాడు. ఆ రాతల్లోంచే ఆయన పోయాక, 1975లో, 'టావో ఆఫ్ జీత్ కున్ దో' పుస్తకం వచ్చింది. 1970లోనే తన స్కూళ్ళు కూడా తనే మూసేశాడు. కట్లు తెంచుకోమని చెప్పిన పద్ధతే కొత్త కట్టుగా మారుతుందని భయపడ్డాడు. డిజైన్ ప్యాటర్న్ నేర్చుకున్న వారంలో ప్రతి చిన్న ప్రోగ్రామ్‌లోనూ దాన్ని ఇరికించే మనకి ఆ భయం అర్థం కావాలి.

డాక్టర్ల మాట నిజం కాలేదు. లేచాడు, మళ్ళీ కిక్ కొట్టాడు. 1971లో 'ద బిగ్ బాస్', 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'వే ఆఫ్ ద డ్రాగన్'. 1973 జూలై 20న హాంకాంగ్‌లో మెదడు వాపుతో చనిపోయాడు. వయసు 32. 'ఎంటర్ ద డ్రాగన్' విడుదల చూడలేదు. సమాధి సియాటిల్‌లో ఉంది.

గోడ మీద బొమ్మలో కండలే కనిపిస్తాయి. ఆ కండల వెనక, గెలిచిన రోజు సంబరం మానేసి లెక్క చూసుకున్న దాదాపు 24 ఏళ్ళ కుర్రాడున్నాడు. మనకంటే మూడు నాలుగేళ్ళే పెద్ద. ఈసారి ప్రోగ్రామ్ రన్ అయ్యాక ల్యాప్‌టాప్ వెంటనే మూసేయకండి. ఒక్క పది నిమిషాలు ఉండి, ఏ లైన్ తీసేసినా పని జరుగుతుందో వెతకండి.