ఆంధ్రకేసరి న్యాయవాద ప్రస్థానం

న్యాయవాదికి కావలసిన విద్య రెండు విధాలు. గ్రంథపఠనం వలన అబ్బేది ఒకటి. న్యాయస్థానంలో వ్యాజ్యాలు నడపడం వలన అలవడేది మరొకటి. శాస్త్రజ్ఞానం లేని అనుభవం గుడ్డిది. అనుభవం లేని శాస్త్రజ్ఞానం కుంటిది. ఈ రెండింటినీ స్వయంకృషితో సాధించి, ఆ విద్యాఫలాన్ని దేశానికి సమర్పించిన మహనీయుడు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించారు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో కుటుంబభారం తల్లిపై పడింది. ఆమె ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించింది. పరీక్ష రుసుము మూడు రూపాయలు సమకూరనప్పుడు తన పట్టుచీరను తాకట్టు పెట్టి కుమారుని చదువు నిలిపింది. ఆయనలోని ప్రతిభను గుర్తించిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ప్రకాశాన్ని తన వెంట రాజమహేంద్రవరానికి తీసుకొని వెళ్లి చదివించారు. ఆ గురువు ప్రోత్సాహంతోనే ప్రకాశం మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి, రెండవ తరగతి ప్లీడరు అయ్యారు.

ఆనాడు న్యాయవాదులలో అనేక అంతరాలుండేవి. విశ్వవిద్యాలయపు పట్టాలు పొందినవారు, ఇంగ్లండులో చదివి వచ్చిన బారిష్టరులు పై మెట్టున ఉండేవారు. దీర్ఘకాలం చదవడానికి స్తోమత లేనివారికి ప్లీడరు పరీక్ష దగ్గరి దారి. ఆ పరీక్ష వృత్తిలోనికి ప్రవేశం మాత్రమే కల్పించేది. కక్షిదారు చెప్పే సుదీర్ఘ కథనం నుండి చట్టానికి అవసరమైన అంశాన్ని ఏరుకోవడం, దావా పత్రం రాయడం, సాక్షిని ప్రశ్నించి నిజం రాబట్టడం వంటి విద్యలన్నీ న్యాయస్థానంలోనే నేర్చుకోవలసి వచ్చేది. రాజమహేంద్రవరంలో ప్రకాశానికి లభించిన శిక్షణ అటువంటిది. ఆయన అచిరకాలంలోనే పేరు, ధనం సంపాదించారు. పురపాలక సంఘాధ్యక్ష పదవినీ అలంకరించారు.

అయినా ఆయన ప్రతిభకు ఒక అవరోధం ఉండేది. రెండవ తరగతి ప్లీడరుకు పై న్యాయస్థానాలలో వాదించే అర్హత లేదు. తాను శ్రమించి సిద్ధం చేసిన వ్యాజ్యమైనా అక్కడికి చేరగానే ఇతరులకు అప్పగించవలసిందే. ప్రకాశం మేధాశక్తిని గమనించిన ఒక బారిష్టరు ఆయనను కూడా బారిష్టరు కమ్మని సూచించారు. సముద్రయానాన్ని సంఘం ఇంకా దోషంగా భావిస్తున్న రోజులవి. స్థిరపడిన వృత్తిని విడిచి, ముప్పది ఏండ్లు దాటిన వయస్సులో మరల విద్యార్థి కావడం సామాన్యమైన సాహసం కాదు. ప్రకాశం వెనుకాడక 1904లో ఇంగ్లండుకు పయనమయ్యారు.

లండనులో బారిష్టరులను తీర్చిదిద్దేవి ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే ప్రాచీన న్యాయవాద సంస్థలు. విద్యార్థి నిర్ణీత పరీక్షలలో నెగ్గడమే కాక, పన్నెండు సత్రములు ఆ సంస్థల విందుశాలలో పెద్దలతో కలిసి భోజనం చేయవలసి ఉండేది. వృత్తి మర్యాదలు, సంప్రదాయాలు ఆ సాంగత్యం వలన అలవడుతాయని వారి విశ్వాసం. అక్కడ ఉన్న కాలంలోనే ప్రకాశం, బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికలలో పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ విజయానికై కృషి చేశారు. ఆ విధంగా న్యాయవిద్యతో పాటు రాజకీయ విద్య కూడా ఆయనకు అబ్బింది.

1907లో స్వదేశానికి తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో వృత్తి ప్రారంభించారు. ప్లీడరుగా గడించిన అనుభవానికి బారిష్టరు అర్హత తోడై, ఆయన అగ్రశ్రేణి న్యాయవాదిగా ఎదిగారు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికను నిర్వహించారు. అదే సంవత్సరం బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ప్రసంగించినప్పుడు, ప్రభుత్వానికి వెరచి ఇతరులు వెనుకంజ వేయగా, ప్రకాశం ధైర్యంగా ఆ సభకు అధ్యక్షత వహించారు.

ఎన్నో ఏండ్ల శ్రమతో అందుకొన్న ఆ ఉన్నత స్థితిని గాంధీజీ పిలుపు మేరకు 1921లో ఆయన తృణప్రాయంగా త్యజించారు. స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించిన ధనాన్ని దానికే ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా మద్రాసులో పోలీసు తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి నిలిచారు. 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953లో నూతనంగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన పాలనాకాలంలోనే, 1954 జూలై 5న, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఆవిర్భవించింది. రాజమహేంద్రవరంలో జన్మించిన కోకా సుబ్బారావు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒకనాడు పై న్యాయస్థానంలో నోరు విప్పే అర్హత లేని ప్లీడరు, తన ప్రజల ముంగిట ఉన్నత న్యాయస్థానం వెలసే వేళ ముఖ్యమంత్రిగా ఉండడం చరిత్రలోని ఒక విశేషం.

ప్రకాశం 1957 మే 20న పరమపదించారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. విద్య ఏ దారిన లభించినా దానిని అనుభవంతో పదును పెట్టుకోవాలనీ, ఆ విద్యకు సార్థకత పరహితంలోనే ఉందనీ ఆయన జీవితం విద్యార్థిలోకానికి బోధిస్తున్నది.