గన్నయ సేనాని ఢిల్లీ ప్రస్థానం

నయా రాయపూర్: ఛత్తీస్‌గఢ్ రాజకీయాలను పరిశీలించడానికి ఢిల్లీ నుంచి వచ్చిన నాకు, ఇక్కడి పురఖౌతీ ముక్తాంగణంలో బస్తర్ ప్రతిమల నడుమ ఓరుగల్లు జ్ఞాపకం వచ్చింది. 1323లో కాకతీయ రాజధాని కూలిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అడవి దారిన వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ఇక్కడి వంశగాథ. ఆ పతనమే మరొక తెలుగువానిని ఢిల్లీ దారి పట్టించింది. మొదటివానిని బస్తర్ మరువలేదు. రెండవవానిని మనమే మరిచాము.

ఆయన ఫిరోజ్ షా తుగ్లక్ వజీరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్. ఫిరోజ్ చరిత్ర వ్రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఆయన కథను బాల్యంతో గాక బందీతనంతో ప్రారంభించాడు. తెలంగాణ రాజు కొలువులో పలుకుబడి గల కన్ను అనే హిందువు, బందీయైన రాజు ఢిల్లీ దారిలో మరణించగా, ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడన్నాడు. చదవను, వ్రాయను రాదని కూడా చేర్చాడు.

అంతకు ముందటి పుటలు తెలుగులో ఉన్నాయి. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని సేనాని, నాగయ కుమారుడు గన్నయకు అంకితమిచ్చాడు. ఈ గన్నయే ఆ కన్ను అని మన చరిత్రకారులు పలువురు భావించారు. అదే నిజమైతే, పురాణానికి కృతిపతియైనవాడు నిరక్షరాస్యుడెట్లయ్యాడు? ఏలినవారి భాష రానివానిని చదువురానివానిగా జమకట్టడం రాజధానులకు పాత అలవాటేనని నాకు తోస్తుంది.

మక్బూల్ సుల్తాను ప్రతినిధిగా ఓరుగల్లుకే తిరిగి వచ్చాడు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఆయనను అక్కడి నుంచి తరిమాడు. 1351లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ మరణించగా, ఢిల్లీలో వృద్ధ వజీరు ఒక బాలుని సింహాసనమెక్కించాడు. మక్బూల్ నగరం విడిచి ఫిరోజ్ పక్షాన చేరి వజీరయ్యాడు. సింధు దండయాత్రలో సుల్తాను జాడ నెలల తరబడి తెలియనప్పుడు, ఆయన క్షేమమన్న లేఖను తానే కల్పించి రాజధానిని శాంతపరిచాడు. నిజమైన సుల్తాను మక్బూలేనని ఫిరోజ్ అనేవాడట.

1368-69లో ఆయన మరణించగా కుమారుడు జౌనా షా వజీరయ్యాడు. నిజాముద్దీన్ బస్తీలో, ఇరుకిళ్ల నడుమ ఆయన సమాధి ఉంది. ఢిల్లీలో అష్టకోణాకృతిలో వెలసిన తొలి సమాధి అదే. తరువాతి సయ్యద్, లోడీ సుల్తానుల సమాధులకు అదే ఒరవడి అయింది.

విజేతల కొలువులో ఎదిగినవానిని ద్రోహి అనడం తేలిక, ఘనుడనడమూ తేలికే. ఓడిన రాజ్యపు సేనాని గెలిచిన రాజ్యాన్ని నిలబెట్టిన ఈ వైనాన్ని పూర్తిగా చదవాలంటే మాత్రం, అఫీఫ్ పక్కన మారనను కూడా తెరవక తప్పదు.