మెట్రిక్ రెండుసార్లు తప్పిన అబ్బాయి

మన వరంగల్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లినా గర్భిణికి తప్పకుండా రాసే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. మీలో చాలామంది అమ్మలు దాన్ని వేసుకున్నవారే. ఆ మందును ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోతే, తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు.

తర్వాత ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆ దుఃఖం ఆయన్ను జీవితాంతం వదల్లేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో అమెరికాలోని హార్వర్డ్ చేరారు. 1940లో లెడర్లీ సంస్థకు మారారు.

అంతకుముందే 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని గుర్తించారు. అందులోని ఆ పోషకమే ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావుగారి బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు కూడా అది మందయింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే బిడ్డ వెన్నెముక, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో పెద్ద అధ్యయనం తేల్చింది. ఆ భాగాలకు మూలమైన నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరును అడిగి మాత్ర మొదలుపెట్టాలి.

ఈ నెల ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గి ఉంటే, కోప్పడే ముందు వెంకమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి. ఆమె కొడుకును మళ్లీ బడికి పంపారు, మూడోసారి పరీక్ష రాయనిచ్చారు.